ఆ నల్లగీతలు ఎవరివి?

దసరాకి ముందు మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో తిరిగింది. గుండ్రటి బ్రష్షు మిషను ఒకటి గిరగిరా తిరుగుతూ పోతుంటే, మసిబారిన టైల్స్ మీద దాని వెనకాల తెల్లటి బాట పడుతోంది. ముప్పై సెకన్లు. కింద ఒకాయన రాశారు: "పనివాళ్ళు సరిగ్గా తుడిస్తే ఇవన్నీ ఎందుకండీ?" ఆ మాటకి పదకొండు బొటనవేళ్ళు లేచాయి. అందులో ఒకటి నాది.

ఆ వేలు దించుకోవడానికే ఇంత రాస్తున్నాను.

మేం ఉండేది విశాఖ సీతమ్మధారలో, మూడో అంతస్తు. ఇల్లు కొని పంతొమ్మిదేళ్ళయింది. హాల్లో రెండడుగుల విట్రిఫైడ్ టైల్స్, వంటింట్లో, బాల్కనీలో గరుకు టైల్స్. గృహప్రవేశం నాడు టైలుకీ టైలుకీ మధ్య సందులన్నీ పాలలా ఉండేవి. ఇప్పుడు హాలు చూస్తే ఎవరో స్కేలు పెట్టి బొగ్గుతో గళ్ళు కొట్టినట్టుంటుంది. తమాషా ఏమిటంటే టైలు మాత్రం నిన్న వేసినట్టే ఉంది. విట్రిఫైడ్ టైలు తన బరువులో అర శాతం నీళ్ళు కూడా పీల్చదు. మురికి దాని మీద కూర్చోగలదు గానీ లోపలికి దిగలేదు. దిగేదంతా సందులోకే.

మా ఇంట్లో పదమూడేళ్ళుగా పనిచేస్తున్న ఆవిణ్ణి బిల్డింగు బిల్డింగంతా అప్ప అనే పిలుస్తాం. (విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం: అప్పంటే అక్క.) ఈ గీతల మీద నాకూ అప్పకీ ఎన్నిసార్లు మాటామాటా వచ్చిందో లెక్కలేదు. పండగ దగ్గరపడుతోందంటే నేను మొదలుపెట్టేదాన్ని. "అప్పా, కాస్త ఒత్తి తుడువు, ఆ సందులు చూడు ఎలా ఉన్నాయో." తను తల కూడా ఎత్తకుండా, "ఒత్తితే పోదమ్మా అది, లోపలికెల్లిపోనాది" అనేది. తప్పించుకోవడానికి అంటోందనుకునేదాన్ని. మాట అనేదాన్ని కాను గానీ మొహంలో చూపించేదాన్ని. అది ఇంకా అన్యాయం.

మొదటి మిషను

అసోసియేషన్ వాళ్ళు ముందుగా కారిడార్లకి మిషను పిలిపించారు. ఇద్దరు కుర్రాళ్ళొచ్చారు. పదిహేడంగుళాల పళ్ళెం, దాని నెత్తిన మోటారు, వెనక్కి వంగిన పొడుగాటి హ్యాండిలు. పళ్ళేనికి ఎర్ర ప్యాడు తగిలించి, సబ్బునీళ్ళు చల్లి, మిషను తిప్పి, వెనకనే మాపు పెట్టి లాగేశారు. అంతస్తుకి ఇరవై నిమిషాలు. తడి మీద అద్దంలా మెరిసింది, అందరం ఫొటోలు తీసుకున్నాం. సాయంత్రం ఆరాక చూస్తే టైల్స్ నిగనిగలాడుతున్నాయి. సందులు పొద్దుటికంటే నల్లగా ఉన్నాయి.

అప్ప మెట్ల మీద నిలబడి కాసేపు చూసి, "బాగుందమ్మా. నాను సేసిందే అదీ సేసినాది. జోరుగా సేసినాది, అంతే" అంది.

నవ్వి ఊరుకున్నాను. రాత్రి పడుకున్నాక ఆ మాటే మళ్ళీ మళ్ళీ చెవిలో మోగింది. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతాను. ముప్పై ఏళ్ళుగా ఇదే పని. మురికి ఎక్కణ్ణుంచి ఎక్కడికి పోతుందన్నది నాకు తట్టాల్సిన ప్రశ్న. అది అప్పకి తట్టింది.

ఆలోచిస్తే సంగతి ఇంతే. టైలు అంచుకంటే సందు ఒక మిల్లీమీటరో రెండో లోతుగా ఉంటుంది. ప్యాడన్నది చదునుగా ఉండే దళసరి పీచు. టైలు అంచు నుంచి అంచుకి దూకుతూ పోతుంది, మధ్యలో సందుని ముట్టుకోదు. ప్యాడ్ల రంగులకో లెక్కుంది. తెలుపు మెరుపుకి, ఎరుపు పైపై తుడుపుకి, ఆకుపచ్చ తోమడానికి, నలుపు పాత పూతల్ని గీకడానికి. ఏ రంగు వేసినా సందు దాకా వెళ్ళదు. ఇక టైలు మీంచి లేచిన మురికి నీళ్ళు ఎటు పోతాయి? నీరు పల్లమెరుగు, నిజము దేవుడెరుగు అన్నారు. మా కారిడార్లో పల్లం అంటే సందే. మాపు ఆ నీళ్ళని ఎత్తలేదు, సందుల్లోకి తోసింది. అక్కడే ఆరాయి.

మా ఇంట్లో పదమూడేళ్ళుగా జరుగుతున్నదీ ఇదే. ఒక్క బకెట్టు నీళ్ళతో మొత్తం ఇల్లు. పూజగదితో మొదలై, హాలు మీదుగా వంటిల్లు దాటి బాల్కనీకి చేరేసరికి ఆ నీళ్ళు రెండో డికాక్షన్ రంగులో ఉంటాయి. ఆ ఒక్క బకెట్టు రూలు ఎవరు పెట్టారనుకున్నారు? నేనే. కుళాయి పొద్దున్న కాసేపే వస్తుంది, బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి, ఎండాకాలం మేఘాద్రిగెడ్డ రిజర్వాయరులో నీళ్ళు తగ్గాయని పేపర్లో ఫొటో పడితే చాలు నాకు గుండె దడ. "ఒక్క బకెట్టుతో సర్దుకో అప్పా" అన్నది నా నోరే. వాసనొచ్చే లిక్విడ్ మూత నిండా పొయ్యమన్నదీ నేనే. అది ఎక్కువైతే నేల మీద జిగురు పొరలా మిగిలిపోయి మర్నాటి దుమ్ముని పట్టుకుంటుంది. విశాఖలో దుమ్ముకి కరువా? కిటికీ చువ్వ మీద వేలు పెడితే వేలు నల్లబడుతుంది.

రెండోసారి వచ్చినతను

గాజువాక వైపు నుంచి ఒకతను వస్తాడని, హోటళ్ళ వంటిళ్ళు మిషనుతో శుభ్రం చేస్తుంటాడని మా కొలీగ్ చెప్పింది. ఫోను చేస్తే రేటు చెప్పకముందే అడిగాడు: "సందుల్లో ఏముంది మేడం, గ్రౌటా, వైట్ సిమెంటా?"

(గ్రౌటంటే టైళ్ళ సందులు పూడ్చే మసాలా.) నాకు తెలీదన్నాను. వచ్చాక బండి తాళంచెవితో సోఫా వెనక సందులో చిన్నగా గీరాడు. తెల్లటి పొడి రాలింది. "వైట్ సిమెంటే" అన్నాడు, డాక్టరు నాడి చూసి చెప్పినట్టు. అప్పట్లో కట్టిన ఇళ్ళలో చాలావాటికి ఇంతేనట. టైల్స్ వేశాక మేస్త్రీలు వైట్ సిమెంటు నీళ్ళలో కలిపి గుడ్డతో సందుల్లోకి అదిమేసి వెళ్ళిపోయేవారు. పాలిమరు కలిపిన గ్రౌటు గట్టిగా ఉంటుంది, ఎపాక్సీ అనే రెసిన్ గ్రౌటు అయితే నీళ్ళే తాగదు. వైట్ సిమెంటు మాత్రం చాక్‌పీసుకి అన్నలాంటిది. తాగుతుంది, రాలుతుంది.

మరి ఎపాక్సీ వేయించెయ్యొచ్చుగా అంటే, పాత సందులు గీకి తీసి లోతు చెయ్యాలి. మా హాల్లో టైళ్ళ మధ్య ఎడం ఉంచే స్పేసర్లు పెట్టకుండా టైలుకి టైలు దాదాపు ఆనించేశారు. బ్లేడు దూరేంత చోటు కూడా లేదు. అంచులు పెచ్చులూడతాయని అతనే వద్దన్నాడు. ఉన్నదాన్ని శుభ్రం చేసుకోవడమే మిగిలింది.

పని మొదలుపెట్టే ముందు అతను చేసినవి మూడు. మెయిన్ బోర్డు దగ్గరకెళ్ళి, కరెంటు లీకైతే సరఫరా ఆపేసే ఈఎల్‌సీబీ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి, కరెంటు పోతోందో లేదో చూశాడు. తడినేల మీద వైరు ఈడ్చుకుంటూ చేసే పని కదా. కారిడార్ కుర్రాళ్ళు అటువైపు తొంగి కూడా చూడలేదు. తర్వాత ఫ్యాన్లన్నీ ఆపించాడు. ఆపైన నేల మీద మురికి వదిలించే క్షారపు మందు పోసి, ఒక ప్లాస్టిక్ స్టూలు లాక్కుని కూర్చుని ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

ఐదు నిమిషాలయ్యాయి. ఎనిమిదయ్యాయి. డబ్బులిచ్చి మనిషిని కూర్చోబెట్టానా అని నాకు లోపల గొణుగుడు. "మొదలెట్టవా బాబూ?" అన్నాను.

"మొదలైపోయింది మేడం. ఇప్పుడు పని మందుది. నాది తర్వాత."

సిగ్గేసింది. సందుల్లో ఉండేది ఒట్టి దుమ్ము కాదు, పోపు పొగా, నూనె తుంపరలూ దుమ్ముని పట్టుకుని చేసిన ముద్ద. క్షారం పడితే కొవ్వు సబ్బుగా మారుతుందని ఏటేటా బోర్డు మీద సమీకరణం రాసే మనిషిని. రాస్తాను గానీ దానికి సమయం పడుతుందని ఇంట్లో గుర్తురాలేదు. పది పన్నెండు నిమిషాలు ఆగాలి, ఆ లోపు ఆరిపోకూడదు. ఫ్యాన్లు ఆపించింది అందుకే. మన సముద్రపు చెమ్మగాలి మొదటిసారి నాకు ఉపయోగపడింది.

అప్పుడు మిషను. ఈసారి కింద ప్యాడు కాదు, నైలాన్ పళ్ళున్న బ్రష్షు. ఆ పళ్ళు సందులోకి దిగుతాయి. మిషను బరువు నలభై కిలోలు ఉంటుందట. తిరిగేది నిమిషానికి నూట డెబ్భై చుట్లు, అంతే. సీలింగ్ ఫ్యాన్ ఫుల్లో పెడితే దానికి రెట్టింపు తిరుగుతుంది. వేగంలో ఏమీ లేదు, ఆ బరువంతా బ్రష్షు మీద పడటంలోనే ఉంది.

"నేనొకసారి పట్టుకోనా?" అన్నాను. అడగకుండా ఉండాల్సింది. ఆ హ్యాండిలు ఎత్తితే మిషను కుడికి పోతుంది, దించితే ఎడమకి. బలంతో తోస్తే వినదు. నాకు అది కుడికి పోతోందనిపించగానే గట్టిగా పైకి లాగాను. ఇంకా కుడికి పోయింది. నన్ను ఈడ్చుకుంటూ వెళ్ళి చెప్పుల స్టాండుకి కొట్టుకుని ఆగింది. అప్ప వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అతనైతే రెండు వేళ్ళతో, ఊయల ఊపినట్టు, అటూ ఇటూ విల్లు ఆకారంలో తిప్పుకుంటూ వెనక్కి నడుస్తాడు.

అయినా నాకు మిగిలింది ఆ మిషను గుర్తు కాదు, దాని వెనకాల వచ్చిన రెండోది. నీళ్ళు పీల్చే వాక్యూమ్. బ్రష్షు లేపిన నల్లబురదని ఆరనివ్వకుండా గొట్టంతో లాగేసింది. మంచినీళ్ళు పోసి మళ్ళీ లాగింది. ట్యాంకు నిండాక అతను బాత్రూమ్‌లోకి మోసుకెళ్ళి వంపబోతుంటే అప్ప "ఆగు బాబూ" అంది. వంగి చూసింది. తారు కలిపినట్టున్న నీళ్ళు, వెంట్రుకలు, రవ్వంత ఇసుక, ఎప్పటిదో ఒక చెమ్కీ. నన్నూ పిలిచింది. ఏమీ అనలేదు. చూడమన్నట్టు పక్కకి జరిగింది, అంతే.

పదమూడేళ్ళ నా ఒక్క బకెట్టు రూలు ఆ ట్యాంకులో ఉంది.

అందుకే నేననేది, ఈ మిషన్లని ఇల్లు మెరిపించే వస్తువులుగా చూడటం మానెయ్యాలి. మురికిని ఇంట్లోంచి బయటికి తీసుకెళ్ళే ఏర్పాటుంటేనే అది శుభ్రం. లేకపోతే మోటారు పెట్టి మాపు తిప్పడమే. పీల్చేది లేకుండా తిప్పేది మాత్రమే తెస్తామనేవాళ్ళని గుమ్మం దగ్గర్నుంచే పంపించెయ్యండి. డబ్బు మిగులుతుంది.

యాసిడ్ సంగతి కూడా చెప్పాలి

చెప్పకుండా ముగించేస్తే బాగుండేది, పరువు దక్కేది.

మా వీధిలో సైకిలు మీద ఒకాయన "ఫినాయిలూ, యాసిడూ" అని అరుచుకుంటూ వస్తాడు. 2013లో సుప్రీంకోర్టు యాసిడ్ అమ్మకాల మీద ఆంక్షలు పెట్టింది. మా వీధి మలుపు దాకా ఆ కబురు వచ్చినట్టు లేదు. నేనూ ఆయన దగ్గర ఎన్ని సీసాలు కొన్నానో. బాత్రూమ్‌లో, బాల్కనీలో, సింకు కింద పోయించేదాన్ని. పోయగానే బుసబుసా నురగొస్తుంది, సందు తెల్లబడుతుంది. ఎంత తృప్తో.

ఆ నురగ ఏమిటో నాకు తెలియదని ఎవరైనా అనగలరా? సిమెంటు గాల్లో ఉండి ఉండి కాల్షియం కార్బొనేటు పొర కడుతుంది. దాని మీద హైడ్రోక్లోరిక్ ఆమ్లం పడితే కార్బన్ డయాక్సైడు బుడగలొస్తాయి. లేబ్‌లో సుద్దముక్క మీద వేసి చూపిస్తాను, పిల్లలు చప్పట్లు కొడతారు. ఇంట్లో అదే నురగ చూసి మురికి పోతోందనుకున్నాను. పోతున్నది సందు. పై పొర కరిగి కింద తాజా తెలుపు కనబడుతుంది, దాంతోపాటు కొత్త చిల్లులూ తెరుచుకుంటాయి. మరుసటి నెలకి ఇంకాస్త నలుపు, మళ్ళీ ఇంకో సీసా.

ఒకసారి అప్ప బాత్రూమ్‌లో బ్లీచింగ్ పౌడరు చల్లి, అది కడగకుండానే దాని మీద యాసిడ్ పోసింది. రెండూ కలిస్తే క్లోరిన్ వస్తుంది. నేను వెళ్ళేసరికి కళ్ళల్లోంచి నీళ్ళు కారుతూ, దగ్గుతో వంగిపోయి గోడ పట్టుకుని నిలబడింది. బయటికి లాక్కొచ్చి, కిటికీలు తెరిచి, మజ్జిగిచ్చి, ఆనక గట్టిగా కేకలేశాను, "రెండూ ఎవరు కలపమన్నారు?" అని. రెండూ కొని ఒకే అరలో పక్కపక్కన పెట్టింది నేను. ఒక్కసారైనా చెప్పానా కలపకూడదని? క్లాసులో ఏటా చెబుతాను.

మిషను వైపు నన్ను లాగింది అన్నిటికంటే ఇదే. క్షారం, సమయం, బ్రష్షు బరువు కలిసి చేసే పనిని మనం ఇన్నాళ్ళూ యాసిడుతోనూ ఒక ఆడమనిషి మోకాళ్ళతోనూ చేయిస్తున్నాం.

పక్కింటి మాస్టారి అభ్యంతరాలు

పక్కింటి మాస్టారు 1980ల్లో కంచరపాలెంలో సొంతిల్లు కట్టి మొజాయిక్ పాలిష్ పెట్టించిన మనిషి. ఆ మిషను కింద కార్బొరండం రాళ్ళుంటాయి, గచ్చుని అరగదీసి పాలలాంటి బురద తీస్తుంది. అందుకే ఆయన భయం: "ఏడాదికోసారి ఇది పెడితే టైలు పలచనైపోదూ?" రెండూ గుండ్రంగా తిరుగుతాయి, అంతవరకే పోలిక. ఇది అరగదీయదు, తోముతుంది. కాకపోతే ఆయన భయంలో కొంత నిజముంది. గరుకు పొడి కలిపిన బ్రష్షులు కూడా ఉంటాయి, మెరుపు టైలు మీద పెడితే గీతలు పడతాయి. చలవరాయి ఉన్న ఇళ్ళవాళ్ళయితే ఇంకా జాగ్రత్తపడాలి.

ఆయన రెండో మాటకి నా దగ్గర గట్టి జవాబు లేదు. బాల్కనీలో రెండు చోట్లా, సింకు కింద జానెడు మేరా వైట్ సిమెంటు ఊడొచ్చింది. "చూశారా, మిషను లాగేసింది" అన్నారాయన. యాసిడ్ తిన్నచోటే ఊడింది, యాసిడ్ చుక్క పడని హాల్లో ఒక్క సందూ కదల్లేదన్నాను. వాదనగా బాగానే ఉంది. కానీ సింకు కింద ఎప్పుడూ నీళ్ళు కారుతుంటాయి, బాల్కనీలో ఎండా వానా. వాటివల్లే పట్టు వదిలేసి ఉండొచ్చు. యాసిడ్ మీద నాకున్న కోపంలో నేరమంతా దానికే అంటగడుతున్నానేమో కూడా. మేస్త్రీని పిలిచి ఆ మూడు చోట్లా గ్రౌటు పెట్టించాను. రంగు కలవలేదు.

మూడో అభ్యంతరం మాస్టారిది కాదు, నాదే. ఆ పూట పనికి ఐదువేలిచ్చాను. అప్పకి మా ఇంట్లో నెలకి రెండున్నర వేలు. అతనికి మిషన్ల అప్పుంది, వెంట మనిషున్నాడు, ఆటో ట్రాలీ ఖర్చుంది, అన్నీ నిజమే. నాలుగ్గంటల్లో రెండు నెలల జీతం పోయిందన్నదీ నిజమే. అతను రేటు చెప్పినప్పుడు నేను బేరమాడలేదు. మొన్న ఉగాదికి అప్ప రెండొందలు పెంచమంటే "చూద్దాం" అన్నాను. మిషను అప్ప పని తీసేసుకుంటుందా అని ఎవరో గ్రూపులో అడిగారు. ఏడాదికో రెండేళ్ళకో ఒకసారి వచ్చేది రోజు పనిని ఏం తీసుకుంటుంది? తీసుకోదు. కానీ ఎవరి పని ఎంత విలువైందని మేం అనుకుంటున్నామో మాత్రం బయటపెట్టింది.

ఇప్పుడు ఇంట్లో రెండు బకెట్లు. ఒకటి లిక్విడ్ కలిపింది, ఒకటి మాపు జాడించడానికి. జాడించిన నీళ్ళు గదికోసారి పారబోస్తాం. ఈ రూలు నాది కాదు, మిషను వచ్చిన మర్నాడే అప్ప పెట్టింది. నీళ్ళు ఎక్కువవుతున్నాయి, ఒప్పుకుంటాను. వాషింగ్ మిషను ఆఖరి నీళ్ళు పట్టి బాల్కనీకి వాడుతున్నాం.

గుండ్రటి బ్రష్షుకి మూల అందదు. ఇది ముందే తట్టాల్సింది. గది నాలుగు మూలలూ, తలుపు వెనకాలా, గోడవారా రెండంగుళాల మేర నల్లగానే మిగిలింది. "మూలలు చేత్తోనే మేడం, పనావిడకి చెప్పండి" అని సీసాలో కాస్త మందు వదిలేసి వెళ్ళాడు.

మర్నాడు అప్ప చేతులకి ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుంది. (రబ్బరు తొడుగులు ఆ సాయంత్రమే తెచ్చాను. పదమూడేళ్ళ తర్వాత.) అతనిలాగే మందు పోసి, అదే ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని, గడియారం చూసింది. నేను అటుగా వెళ్తే, "మందు పని సేస్తంది" అంది. పన్నెండు నిమిషాలయ్యాక పొట్టి బ్రష్షుతో తోమి, పొడిగుడ్డతో అద్ది, గుడ్డ పిండి, మళ్ళీ అద్దింది. మూలలు హాలు మధ్యకంటే తెల్లగా వచ్చాయి.

"దీనికి విడిగా ఎంతిమ్మంటావు అప్పా?" అన్నాను.

"మిషనోడికిచ్చినదాంట్లో మూలల వాటా ఎంతో మీరే లెక్కెయ్యండి. లెక్కలు సెప్తారు కదేటి."

"నేను చెప్పేది కెమిస్ట్రీ."

"అదే."

ఐదొందలిచ్చాను. లెక్కపెట్టుకుని, తలుపు వెనక మూల సంగతి గుర్తుచేసి, ఇంకో వంద అడిగింది.